పద్నాలుగో బ్లాకులో గుడ్డు

పెద్దబీడు పసుపుపచ్చగా ఉందన్న సంగతి రాజధానిలో ఏప్రిల్ నెలలో తెలిసింది.

ఉపగ్రహం తీసిన పటంలో అడవి ఉన్నచోట ఆకుపచ్చ, నీళ్లున్నచోట నీలం, ఊళ్లున్నచోట ఎరుపు కనపడ్డాయి. గుండాలపాడు పక్కనున్న ఆరు వందల ఎకరాల గడ్డిబీడు మాత్రం పసుపు రంగులో ఉంది. పటం కింద ఇచ్చిన వివరణ ప్రకారం పసుపు అంటే "క్షీణించిన ఆవాసం". ఏప్రిల్‌లో ఎండిన గడ్డి ఆ రంగులోనే ఉంటుందని వివరణలో రాయలేదు. రాయడానికి అక్కడ చోటు లేదు.

నెల తిరక్కుండా "వన్యప్రాణి ఆవాస పునరుద్ధరణ పథకం" మంజూరైంది. బీడును ఇరవై బ్లాకులుగా విడగొట్టారు. లక్ష్యం ఒక్క వాక్యం: జూలై పదమూడో తేదీకల్లా పసుపు ఆకుపచ్చ కావాలి. ఆ రోజు మంత్రిగారు వచ్చి చూస్తారు.

అటవీశాఖ వాచరు మద్దిలేటి పంతొమ్మిదేళ్లుగా ఆ బీడుకు కాపలా. దినకూలీ మీద చేరాడు, దినకూలీ మీదే ఉన్నాడు. అతను కాసేది గడ్డిని కాదు, గడ్డిలో తిరిగే బట్టమేక పిట్టను. నిలబడితే మనిషి నడుము దాకా వచ్చే పక్షి అది. గూడు కట్టదు. ఏడాదికి ఒక్క గుడ్డు నేల మీద పెడుతుంది. నాలుగు దిక్కులూ కనపడితేనే కూర్చుంటుంది. దగ్గర్లో తనకంటే ఎత్తయినది ఏదన్నా లేస్తే ఆ చోటు వదిలేస్తుంది. మద్దిలేటి చేరిన ఏడాది బీడులో ఇవి పదకొండు. ఇప్పుడు మిగిలింది ఒక్క పెట్ట. ఈ ఏప్రిల్‌లోనే ఎక్కడినుంచో ఒక పోతు వచ్చి ఇరవై రోజులుండి వెళ్లిపోయింది. ఆ ఇరవై రోజులూ మద్దిలేటి అన్నానికి కూడా ఇంటికి పోలేదు. భార్య ఉరుకుందమ్మే సద్ది తెచ్చి ఇచ్చేది.

"అవి కాపరం చేసుకుంటాంటే నువ్వు కావిలి కూచోవాల్నా?" అని అడిగింది ఒకరోజు.

"కూచోకపోతే మళ్ల రాదు."

"నా పెండ్లప్పుడు కూడా ఇంత ఓపిగ్గా కూచోల్యా నువ్వు," అని గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

ప్రాజెక్టు డైరెక్టర్ వామనమూర్తి మే మొదటివారంలో రేంజి ఆఫీసులో సమావేశం పెట్టాడు. గోడ మీద పటం వేసి చూపించాడు.

"ఈ భూమిని ఖాళీ భూమిగా వర్గీకరించడం జరిగింది. ఖాళీ భూమిలో వన్యప్రాణి ఉండజాలదు. ముందుగా ఆవాసాన్ని కల్పించాలి. ఆవాసం పూర్తయిన మీదట వన్యప్రాణి దశలవారీగా ప్రవేశిస్తుంది."

తలుపు దగ్గర నిలబడ్డ మద్దిలేటి చెయ్యెత్తాడు.

"సార్, వాన పడితే బీడు దానంతటదే పచ్చగైతాది. మనమేం చేసే పన్లే."

"వాన మన కార్యాచరణ ప్రణాళికలో లేదు," అన్నాడు వామనమూర్తి. "పైగా, ఏమీ చేయకుండా సాధించిన పచ్చదనాన్ని పునరుద్ధరణగా పరిగణించే వీల్లేదు."

"చెట్లు పెడితే పిట్టకు గిట్టదు సార్. దానికి నాలుగు పక్కలా కనపడాల."

"పక్షి అభిప్రాయ సేకరణ మూడో సంవత్సరంలో ఉంది. ఈ సూచనను అప్పటికి నమోదు చేయండి."

పక్కనున్న గుమాస్తా నమోదు చేశాడు.

రేంజి ఆఫీసరు హనీఫ్ బయటికొచ్చాక మద్దిలేటిని జీపు చాటుకు పిలిచాడు.

"నీకెందుకప్పా ఇవన్నీ?"

"మీకు తెల్సు గదా సార్, చెట్లేస్తే అది లేచిపోతాదని."

"తెలుసు. ఎనిమిది నెల్లల్లో నేను రిటైరవుతానని కూడా తెలుసు. రెండూ తెలిసినోడు ఏం మాట్లాడతాడు?"

మొదట బీరప్ప గొర్రెల మందను బీడు నుంచి వెళ్లగొట్టారు. గొర్రెలు ఆవాసాన్ని తినేస్తున్నాయని నోటీసులో రాశారు. తర్వాత అరవై వేల కానుగ మొక్కలు దిగాయి. మే నెల ఎండలో, రాతినేలలో, గుంత తవ్వి మొక్క పెట్టి ట్యాంకరుతో నీళ్లు పోశారు. పదకొండో రోజుకు మొక్కలు గడ్డి రంగులోకి వచ్చాయి. "మొక్కల దశ ముగిసింది" అని వామనమూర్తి పైకి రాశాడు.

గుంతలు తవ్వుతున్నన్నాళ్లూ పెట్ట ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు జరుగుతూ పోయింది. పద్నాలుగో బ్లాకులో జానెడు మట్టి కింద బండ ఉండటంతో గడ్డపార దిగలేదు. ప్లానులో ఆ బ్లాకు చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టి "పని జరగలేదు" అని రాశారు. పెట్ట అక్కడ ఆగింది.

జూన్ రెండోవారానికి వాన రాలేదు, పచ్చ రాలేదు. రెండో సమావేశంలో వామనమూర్తి మార్గదర్శకాల పుస్తకం తెరిచి పెట్టాడు.

"లక్ష్యం ఆకుపచ్చదనం. దానికి ఆకు తప్పనిసరి అని ఇందులో ఎక్కడా లేదు. నేను రెండుసార్లు చదివాను."

మూడు రోజుల్లో పన్నెండు లారీలు వచ్చాయి. వాటిలో ఉన్నది టమేటా నారుమళ్ల మీద కప్పే గ్రీన్ నెట్. రోజుకొక బ్లాకు చొప్పున గడ్డి మీద పరిచి, అంచుల వెంబడి రాళ్లు పెట్టాలి. గుండాలపాడు ఆడవాళ్లందరికీ పని దొరికింది. ఉరుకుందమ్మా పోయింది.

"ఏం పనప్పా ఇది," అంది సాయంత్రం ఇంటికొచ్చి. "రోజంతా గడ్డికి చీర కట్టినాం. కుచ్చిళ్లు సరిగ్గ రాల్యాని మేస్త్రీ మళ్ల విప్పించినాడు."

మద్దిలేటి వేళ్ల మీద రోజులు లెక్కపెడుతున్నాడు. ఆ రోజు జూన్ పద్దెనిమిది. పొద్దున పద్నాలుగో బ్లాకులో గుడ్డు చూశాడు. ముందురోజు అక్కడ లేదు. గడ్డి దుబ్బు పక్కన, రాళ్ల మధ్య, రాయి రంగులో ఒక్క గుడ్డు. పిల్ల కావడానికి ఇరవై ఏడు రోజులు. అంటే జూలై పదిహేను. నెట్టు మూడో బ్లాకులో ఉంది. పద్నాలుగో బ్లాకుకు ఇరవై తొమ్మిదో తేదీన వస్తుంది.

హనీఫ్ ఈ సంగతి విని చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. తర్వాత వన్యప్రాణి నమోదు పత్రం ఒకటి నింపి, మద్దిలేటిని వెంటబెట్టుకుని డైరెక్టర్ దగ్గరికి పోయాడు.

వామనమూర్తి పత్రాన్ని రెండువైపులా చూశాడు.

"ఆవాసం పూర్తయిన తేదీ అన్న గడి ఖాళీగా ఉంది."

"ఇంకా పూర్తి కాలేదు సార్," అన్నాడు హనీఫ్.

"పూర్తి కాని ఆవాసంలోకి పక్షి ఎలా ప్రవేశించింది?"

"అది ముందునుంచీ ఆడనే ఉండాది సార్," అన్నాడు మద్దిలేటి.

"అయితే అది పథకానికి పూర్వపు పక్షి. పథకం పరిధిలోకి రాదు. అదీగాక, గూళ్ల మండలంగా మూడో బ్లాకును నిర్ణయించాం. పన్నెండు సిమెంటు గూళ్లు బిగించాం. పద్నాలుగులో పెట్టడమేమిటి?"

"బట్టమేక గూట్లో పెట్టదు సార్. నేల మీదే."

"ఇన్నాళ్లూ వసతి లేక నేల మీద పెట్టింది. ఇప్పుడు వసతి కల్పించాం." వామనమూర్తి పత్రం మీద ఏదో రాసి సంతకం పెట్టాడు. "గుడ్డును మూడో బ్లాకుకు తరలించండి. ఇరవై ఎనిమిదో తేదీ లోపల."

"ముట్టుకుంటే పెట్ట వదిలేసి పోతాది సార్."

"పక్షికి ముందస్తు సమాచారం ఇవ్వండి," అన్నాడు వామనమూర్తి.

నెట్టు పదకొండో బ్లాకుకు వచ్చిన రోజు మద్దిలేటి గట్టు మీద కూర్చుని ఉంటే బీరప్ప వచ్చాడు. గొర్రెలు ఇప్పుడు రోడ్డు పక్కన కంపచెట్లు తింటున్నాయి. బీరప్ప బీడీ ముట్టించి పచ్చదనాన్ని చూశాడు.

"సర్కారు పని మాబాగుంటాది లే మామా. పోయిన ఎలక్షన్లప్పుడు నా చేన్లో హెలికాప్టరు దించినారు, గుర్తుందా? పది దినాలు నా చేన్లోకి నన్నే పోనీల్యా. పోలీసును పెట్టినారు. గొర్రె కాదు గదా, కాకిని గూడ వాలనీల్యా. మా యమ్మ దావన పోతాంటే ఈల ఊదినారు."

"తవ్వనిచ్చినారా?"

"తవ్వేదా? ఆ పది దినాలు నా చేను నాదే కాదు, నువ్వు తవ్వేది చెప్తాండావు."

మద్దిలేటి లేచి రేంజి ఆఫీసు దాకా నడిచిపోయాడు.

"సార్," అన్నాడు హనీఫ్‌తో, "మంత్రిగారు కార్లో వస్తే ఏం కనపడతాది? రోడ్డు మీద నుంచి చూస్తే నెట్టు నెట్టు మాదిరే ఉంటాది. పచ్చగా కనపడాలంటే పైనుంచి గదా చూడాల?"

హనీఫ్ అతని ముఖం వైపు చూశాడు.

"హెలికాప్టరు దిగాలంటే బండనేల కావాల," అన్నాడు మద్దిలేటి. "చదునుగా. పద్నాలుగో బ్లాకులో ఉండాది."

హనీఫ్ ఫోను తీశాడు. ఈ ఆలోచన గంటలో వామనమూర్తిది అయింది. మర్నాడు, అంటే ఇరవై ఏడో తేదీన, పద్నాలుగో బ్లాకు రోడ్లు భవనాల శాఖకు అప్పగింపు అయింది. ఆ శాఖ ఏఈ హేమలత టేపు, సున్నం, నలుగురు కూలీలతో వచ్చింది. నాలుగు వందల గజాల అడ్డంతో ఒక వృత్తం గీయించింది. నడుమ ఇంగ్లీషు హెచ్ అక్షరం రాయించింది. తర్వాత అందరినీ నిలబెట్టి నిబంధనలు చదివింది.

"ఈ గీత లోపల మనుషులు తిరగరాదు. పశువులు మేయరాదు. కుక్కలు రారాదు. కాకులు వాలితే తోలాలి. తవ్వరాదు, నాటరాదు, కప్పరాదు. మూడడుగుల ఎత్తు దాటినదేదీ ఉండరాదు."

"ఇంకోసారి చదువు మేడం," అన్నాడు మద్దిలేటి.

ఆమె ఇంకోసారి చదివింది. చదివి, గీత లోపల గడ్డి దుబ్బు వైపు చెయ్యి చూపింది. "అదేంటి అక్కడ?"

"పిట్ట మేడం. గుడ్డు మీదుండాది."

"ఎత్తెంత?"

"కూసుంటే అడుగున్నర."

"లేస్తే?"

"ఇంకా పద్దెనిమిది దినాలు దాని పని కూసునేదే మేడం."

హేమలత పుస్తకంలో రాసుకుంది: అడ్డంకి ఒకటి, ఎత్తు అడుగున్నర, అనుమతించవచ్చు.

ఒక కానిస్టేబులును వేశారు. అతను పగలంతా ఈల పట్టుకుని వృత్తం చుట్టూ తిరిగాడు. ఊరకుక్కలు రావడం మానేశాయి. గుడ్డు తరలించమన్న ఆర్డరు హనీఫ్ సొరుగులో ఉండిపోయింది, ఎందుకంటే తరలించాలంటే గీత దాటాలి, గీత దాటడానికి రోడ్లు భవనాల శాఖ అనుమతి కావాలి. నెట్టు పదమూడో బ్లాకు నుంచి పదిహేనుకు దూకింది. పంతొమ్మిదేళ్లలో ఆ పెట్టకు ఇంత బందోబస్తు ఎప్పుడూ లేదు.

"పదమూడున హెలికాప్టరు దిగుతాది," అన్నాడు హనీఫ్ ఒకరోజు. "నీ గుడ్డు పదిహేను అంటివి."

"రెండు దినాలు తక్కువపడినాయి సార్."

"దాని గాలికి మనిషే నిలబడలేడు."

"తెల్సు సార్."

తెలుసు కాబట్టే మద్దిలేటికి అన్నం సహించడం లేదు. నెట్టు వస్తే పెట్ట లేచిపోయేది, అంతే. హెలికాప్టరు దిగితే గుడ్డుతోపాటు పెట్టా ఉండదు. ఆ హెలికాప్టరును పిలిచింది తనే.

పదకొండో తేదీన వామనమూర్తి ఏర్పాట్లు చూడటానికి వచ్చాడు. బీడంతా ఒకే పచ్చ. నడుమ ఒక్క గుండ్రని మచ్చ పసుపు. ఆ మచ్చ వైపు అతను అయిష్టంగా చూస్తుండగా ఆరో బ్లాకులో గాలి సుడి తిరిగింది. నెట్టు అంచు లేచింది, రాళ్లు దొర్లాయి, ఎకరం మేర పచ్చదనం పైకి లేచి రోడ్డు దాటి కరెంటు తీగల మీద పడింది. లైన్‌మన్‌కు ఫోను చేశారు.

"ఈ గాలికే ఇట్లయితే," అన్నాడు మద్దిలేటి, నేల చూస్తూ, "హెలికాప్టరు గాలికి ఎట్ల ఆగుతాది సార్? చుట్టూరా నెట్టే గదా. మంత్రిగారు దిగేలోపల ఆయన మీదనే పడతాదేమో."

వామనమూర్తి కరెంటు తీగల వైపు చూశాడు. వృత్తం వైపు చూశాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. కారెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి సవరించిన కార్యక్రమం వచ్చింది. ఆవాసపు సమగ్ర సౌందర్యం కింది నుంచి అవగతం కాదు గనుక గౌరవ మంత్రివర్యులు విహంగ వీక్షణం మాత్రమే చేస్తారు. మూడు ప్రదక్షిణలు. ఎత్తు తగ్గరాదు.

"అయితే హెలిప్యాడ్ తీసేయమంటారా సార్?" అని ఫోనులో అడిగాడు హనీఫ్.

"దిగకపోయినా దిగే ఏర్పాటు ఉండి తీరాలి. ప్రోటోకాల్ తెలియదా మీకు?"

పదమూడో తేదీన షామియానా కింద నాలుగు వందల మంది తలలెత్తి నిలబడ్డారు. బ్యాండు మోగింది. హెలికాప్టరు వచ్చి మూడు చుట్లు తిరిగింది. గీత పక్కన నిలబడ్డ మద్దిలేటి పైకి చూడలేదు. పెట్ట మెడ నేలకు ఆనించి రాయిలా పడుకుంది. మొదటి చుట్టు. రెండో చుట్టు. మూడో చుట్టులో ఒక రెక్క కొంచెం విప్పింది. మద్దిలేటి తువ్వాలు పళ్ల మధ్య పెట్టుకున్నాడు. పెట్ట రెక్క ముడుచుకుంది. హెలికాప్టరు కర్నూలు వైపు తిరిగింది.

ఇంత పచ్చదనం తాను ఏ అడవిలోనూ చూడలేదని మంత్రిగారు ఆకాశం నుంచి అన్నట్టు వామనమూర్తి మైకులో చదివాడు. చప్పట్లు కొట్టారు. తెచ్చిన దండ వామనమూర్తికే వేశారు.

పదిహేనో తేదీ పొద్దున గుడ్డు చిట్లింది. మధ్యాహ్నానికి పిల్ల తల్లి వెనక నడిచింది.

పదిహేడున వాన పడింది.

వారంలో బీడంతా నిజంగానే పచ్చబడింది. కానీ అది నెట్టు కిందుంది కాబట్టి ఎవరికీ కనపడలేదు. కనపడింది నెట్టు లేవడం. గడ్డి దాన్ని ముందు జానెడు ఎత్తింది, తర్వాత మూరెడు. కొన్నిచోట్ల పొడుచుకుని పైకి వచ్చింది. వామనమూర్తి కార్యాలయం నుంచి అత్యవసర ఆదేశం వచ్చింది: పునరుద్ధరించిన ఆవాసానికి హాని కలిగిస్తున్న గడ్డిని తక్షణం తొలగించాలి. కొడవళ్లతో కూలీలు దిగారు. నెట్టు ఎత్తి, గడ్డి కోసి, నెట్టు మళ్లీ పరచాలి.

"మొన్న చీర కట్టించినారు," అంది ఉరుకుందమ్మ, "ఇప్పుడు గుండు కొట్టిస్తాండారు. దీనికి కర్మాంతరం ఎప్పుడో చెప్తే నేను ఆ పొద్దుకు రాను."

హనీఫ్ పిల్ల పుట్టిన సంగతి నమోదు పత్రంలో రాసి పంపాడు. పద్నాలుగో బ్లాకు తమ అధీనంలో లేనందున ఆ జననం తమ లెక్కలోకి రాదని జవాబొచ్చింది. జూలై నివేదికలో వన్యప్రాణి వివరాలు ఇలా ఉన్నాయి. వామనమూర్తి ఆవాసం: సున్నా. రోడ్లు భవనాల శాఖ: రెండు. సున్నాకు ఎదురుగా "ప్రవేశానికి సర్వం సిద్ధం" అని రాశారు. రెంటికి ఎదురుగా రోడ్లు భవనాల శాఖను సంజాయిషీ అడిగారు. హెలిప్యాడ్ల మీద పిల్లలు పుట్టినప్పుడు అనుసరించవలసిన పద్ధతి తమ పుస్తకంలో లేదని ఆ శాఖ తెలియజేసింది.

పక్షులు సున్నా అయ్యాక వాచరు ఎందుకని మద్దిలేటిని తీసేశారు. హనీఫ్ హేమలతకు ఫోను చేశాడు. మర్నాటి నుంచి మద్దిలేటి హెలిప్యాడ్ కాపలాదారు.

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు తల్లీపిల్లా మిడతల కోసం నడుస్తూ సున్నం గీత దాకా వచ్చాయి. లోపలి మిడతలు అప్పటికే అయిపోయాయి. గీత అవతల కొడవళ్లు ఆడుతున్నాయి. తల్లి మెడ సాచి చూసింది. వెనక్కి తిరిగింది. పిల్ల కూడా తిరిగింది. రెండో రోజూ అంతే. మూడో రోజు పిల్ల నడక తగ్గింది.

నాలుగో రోజు మద్దిలేటి హేమలత ఆఫీసుకు పోయాడు.

"మేడం, పెద్ద హెలికాప్టరు వస్తే ఈ జాగా చాలదు గదా?"

"ఎంత పెద్దది?"

మద్దిలేటి చేతులు దగ్గరగా పెట్టి, కోడిపెట్ట అంత కొలత చూపించాడు. "ఇప్పటికింత. దినదినానికీ పెరుగుతాంది మేడం."

హేమలత నవ్వలేదు. కిటికీ మూసి వచ్చి, తెల్లకాగితం తీసుకుంది. భద్రతా పరిధి విస్తరణ అని పైన రాసింది. ఎన్ని గజాలు అన్నచోట పెన్ను ఆపి, ఆలోచించి, "అవసరాన్ని బట్టి, కాపలాదారు గీసినంత మేర" అని రాసి, సీలు వేసింది. స్టోరు నుంచి రెండు డబ్బాల సున్నం ఇప్పించింది.

ఆ సాయంత్రం మద్దిలేటి గీతను యాభై గజాలు బయటికి జరిపి గీశాడు. పొద్దున వచ్చిన కూలీలు గీత చూసి ఆగిపోయారు. కానిస్టేబులు ఈల ఊదాడు. గీత లోపలికి వచ్చిన నెట్టును ఉరుకుందమ్మా వాళ్లూ చుట్ట చుట్టి అవతల పడేశారు. కింద గడ్డి మోకాలెత్తు ఉంది. గాలి తగలగానే మిడతలు లేచాయి. పిల్ల పరుగెత్తింది.

అప్పటినుంచి రోజూ అదే పని. పిల్ల ఎక్కడిదాకా నడుస్తుందో మద్దిలేటి దూరం నుంచి చూస్తాడు. పొద్దుగూకే వేళకు డబ్బా తీసుకుని పోయి, దానికి ఇంకో యాభై గజాలు అవతల గీత గీస్తాడు. ఆగస్టు నెలాఖరుకు గీత పదకొండో బ్లాకు దాటింది. మద్దిలేటి ఇంకో నాలుగు డబ్బాల సున్నానికి అర్జీ పెట్టుకున్నాడు.